సమాధి దగ్గర మొదలుపెడదాం

అందరికీ వందనాలు.

బైబిల్లో యూదా పత్రిక, అంటే యూదా రాసిన ఉత్తరం, మీలో చాలామంది చదివే ఉంటారు. ఒకే ఒక్క అధ్యాయం, 25 వచనాలు. అబద్ధ బోధకుల మీద నిప్పులు కురిపించిన పత్రిక. అంత ఘాటైన ఉత్తరంలో, చివరికొచ్చేసరికి 22వ వచనంలో ఒక మెత్తని మాట కనబడుతుంది: "సందేహపడువారిమీద కనికరము చూపుడి." మోసం చేసేవాళ్ళ మీద చూపిన కోపం సందేహపడేవాళ్ళ మీద చూపలేదు. ఈ వచనం గుర్తుపెట్టుకోండి. కాసేపయ్యాక దీని దగ్గరికే మళ్ళీ వద్దాం, అప్పుడు వేరే పనిమీద.

ముందు విశ్వాసం అంటే ఏమిటో తేల్చుకుందాం. కళ్ళు మూసుకుని నమ్మడమే విశ్వాసమని బయటివాళ్ళు అంటారు. సంఘాల్లోనూ కొందరు అంటారు. బైబిలు అలా అనదు. పాత వేదాంతులు విశ్వాసాన్ని మూడు పాళ్ళుగా విడదీసి చూపించారు. ఎవరిని నమ్మమంటున్నారో, ఏం నమ్మమంటున్నారో తెలుసుకోవడం మొదటిది. అది నిజమేనని ఒప్పుకోవడం రెండోది. ఒప్పుకున్నదాని మీద మన బరువంతా వేసి ఆనుకోవడం మూడోది. రెండో మెట్టు దాకా దయ్యాలు కూడా వస్తాయి. "దయ్యములును నమ్మి వణకుచున్నవి" అని యాకోబు రాసింది అందుకే.

ఆపరేషనుకు వెళ్ళే మనిషిని చూడండి. డాక్టరు ఎవరో తెలుసు, ఆయన హస్తవాసి మంచిదని ఒప్పుకున్నాడు. అయినా బల్ల మీద పడుకున్నప్పుడే ఆయన్ని నమ్మినట్టు. పడుకున్నాక కూడా గుండె దడదడలాడుతూనే ఉంటుంది. ఆ దడ ఉన్నంత మాత్రాన నమ్మలేదని ఎవరూ అనరు, బల్ల దిగి వెళ్ళిపోతేనే అంటారు. మార్కు 9:24లో జబ్బుపడ్డ కొడుకును తీసుకొచ్చిన తండ్రి ఏమన్నాడు? "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." రెండూ ఒకే నోట వచ్చాయి. ముందు నీ సందేహం పోగొట్టుకుని రా అని ప్రభువు ఆ తండ్రిని వెనక్కి పంపలేదు, బిడ్డను బాగుచేశాడు.

కాబట్టి సందేహం వేరు, అవిశ్వాసం వేరు. చెరసాలలో ఉన్న బాప్తిస్మమిచ్చు యోహాను, రాబోయేవాడివి నువ్వేనా, ఇంకొకరి కోసం కనిపెట్టాలా అని మనుషుల్ని పంపి అడిగించాడు. యేసు ఆయనకు తిట్టు పంపలేదు. గుడ్డివారు చూస్తున్నారు, కుంటివారు నడుస్తున్నారు, మీరు కన్నవి, విన్నవి వెళ్ళి చెప్పండి అన్నాడు. అడిగినవాడికి ఆధారం చూపించాడు.

ఇక్కడే మనం ఎక్కువగా పొరపాటు చేస్తాం. ఎదుటివాడి సందేహం ఎక్కడినుంచి పుట్టిందో చూడకుండా జవాబు మొదలుపెడతాం. బుద్ధికి అడ్డం పడ్డ ప్రశ్న ఒక రకం. గాయంలోంచి వచ్చిన ప్రశ్న ఇంకో రకం. నమ్మితే జీవితం మార్చుకోవాల్సి వస్తుందన్న భయంతో ముందు పెట్టే ప్రశ్న మూడో రకం. పైకి మూడూ ఒకేలా వినిపిస్తాయి. "దేవుడుంటే ఇలా ఎందుకు జరుగుతుంది?" అని ఒక విద్యార్థి అడగవచ్చు, నిన్న తల్లిని పోగొట్టుకున్న కొడుకూ అడగవచ్చు. విద్యార్థికి వాదం కావాలి. ఆ కొడుకుకి మనిషి కావాలి. తారుమారు చేస్తే ఇద్దరికీ అన్యాయం జరుగుతుంది. అందుకే ముందు ఒక్క మాట అడగండి: "ఈ ప్రశ్న మీకు ఎప్పటినుంచి ఉంది?" సగం సంగతి ఆ జవాబులోనే తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు విషయంలోకి వస్తాను. దేవుడున్నాడా అన్న చర్చను చాలామంది నక్షత్రాల దగ్గర మొదలుపెడతారు. తప్పేమీ లేదు. కానీ అక్కడ మొదలైన మాటలు అక్కడే తిరుగుతూ ఉండిపోతాయి. ఒక సమాధి దగ్గర మొదలుపెట్టమని నేను అంటాను. క్రైస్తవ విశ్వాసం తనను ఎక్కడ కొడితే కూలిపోతుందో తానే చెప్పేస్తుంది. ఒకప్పుడు సంఘాన్ని హింసించి, తరువాత మారి అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన ఉత్తరంలో, 1 కొరింథీయులకు 15:14లో, ఏమన్నాడో వినండి: "క్రీస్తు లేపబడియుండనియెడల మేముచేయు ప్రకటన వ్యర్థమే, మీ విశ్వాసమును వ్యర్థమే." యేసు లేవకపోతే ఇక మిగిలేది మంచి బోధ మాత్రమే అని కూడా సరిపెట్టలేదు. వ్యర్థం అన్నాడు. అంటే పరీక్షించమని పిలుస్తున్నాడు.

సరే, పరీక్షిద్దాం. ఈ ఉత్తరం ఎప్పటిది? అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం ప్రకారం పౌలు కొరింథులో ఏడాదిన్నర ఉన్నాడు. ఆ రోజుల్లోనే గల్లియోను అనే రోమా అధిపతి ముందు ఆయన్ని నిలబెట్టారు. ఆ గల్లియోను పేరు గ్రీసులోని డెల్ఫీలో, క్లౌదియ చక్రవర్తి వేయించిన శాసనం ముక్కల మీద దొరికింది. దాన్నిబట్టి ఆయన అధికారంలో ఉన్నది క్రీ.శ. 51-52 ప్రాంతమని లెక్క తేలింది. పౌలు జీవితంలో తేదీలన్నిటికీ ఆ రాయే మేకులాంటిది. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే, సుమారు 54-55లో, ఎఫెసు నుంచి ఈ ఉత్తరం రాశాడు. యేసును సిలువ వేసింది 30లో గాని 33లో గాని. మధ్యలో పాతికేళ్ళకు మించి లేదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి 3వ వచనంలో ఉంది. "నాకియ్యబడిన ఉపదేశమును మొదట మీకు అప్పగించితిని" అంటాడు. పుచ్చుకోవడం, అప్పగించడం అనేవి ఆ రోజుల్లో గురువు నుంచి శిష్యుడికి కంఠస్థంగా అందే పాఠానికి వాడే మాటలు. క్రీస్తు మన పాపాల నిమిత్తం చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడవ దినాన లేపబడ్డాడు, కేఫాకు (అంటే పేతురుకు) కనబడ్డాడు అనే ఈ వరుస పౌలు కూర్చినది కాదు, ఆయనకు అందినది. ఎక్కడ అంది ఉంటుంది? గలతీయులకు 1:18-19లో తాను యెరూషలేము వెళ్ళి కేఫా దగ్గర పదిహేను రోజులు ఉన్నానని, ప్రభువు సహోదరుడైన యాకోబును కూడా చూశానని రాశాడు. తాను మారిన మూడేళ్ళకు జరిగిన సంగతి అది. కొరింథు పాఠంలో పేరు పెట్టి చెప్పిన సాక్షుల్లో ఆ ఇద్దరూ ఉన్నారు. పదిహేను రోజులు పేతురు ఇంట్లో ఉండి వాతావరణం గురించి మాట్లాడుకోలేదు కదా!

ఐదు వందలమందికి ఎక్కువైన సహోదరులకు ఒక్కసారే కనబడ్డాడు, వారిలో చాలామంది ఇప్పటికీ బతికి ఉన్నారు, కొందరు నిద్రించారు అంటాడు. కట్టుకథ చెప్పేవాడు సాక్షులు బతికే ఉన్నారని ఎందుకు గుర్తుచేస్తాడు? అనుమానం ఉంటే వెళ్ళి అడగండి అన్నట్టే ఉంది ఆ మాట.

యేసు జీవితాన్ని చెప్పే నాలుగు సువార్తల్లో ఖాళీ సమాధిని మొదట చూసినవారు స్త్రీలు. ఆ కాలపు యూదుల సమాజంలో స్త్రీల సాక్ష్యానికి విలువ తక్కువ. యోసేఫస్ అనే యూదు చరిత్రకారుడు స్త్రీల సాక్ష్యం చెల్లదనే రాశాడు. లూకా అయితే శిష్యులకే ఆ మాటలు వెర్రిమాటలుగా కనబడ్డాయని దాచకుండా చెప్పాడు. కథ అల్లాలనుకున్నవాడు ఇలాంటి సాక్షులను ముందు నిలబెట్టడు. పేతురునో, సభలో పెద్దమనిషి అయిన అరిమతయియ యోసేపునో నిలబెడతాడు.

సువార్తలు ఒకదానితో ఒకటి పొసగవు కదా అని అడుగుతారు. మత్తయిలో ఇద్దరు స్త్రీలు, మార్కులో ముగ్గురు, యోహానులో ఒక్క మగ్దలేనే మరియ. యోహాను 20:2 మెల్లగా చదవండి. మరియ పరుగెత్తుకొచ్చి, ప్రభువును ఎత్తుకుపోయారు, ఆయనను ఎక్కడ ఉంచారో "యెరుగము" అంటుంది. ఎరుగను అనలేదు. గ్రీకులోనూ బహువచనమే. పేరు ఒక్కరిదే చెప్పినా వెళ్ళినవారు ఒక్కరు కాదని ఆ ఒక్క క్రియాపదం పట్టిస్తుంది. అన్ని తేడాలూ ఇంత తేలిగ్గా విడిపోతాయని నేను అనను. కొన్నిటి దగ్గర పండితులు ఇంకా తలపట్టుకుంటున్నారు. కానీ నలుగురు సాక్షులు అక్షరం పొల్లుపోకుండా ఒకటే చెబితే, కూడబలుక్కున్నారని అనుమానించేది మనమే.

క్రైస్తవేతరుల మాట కూడా చూద్దాం. రోమా చరిత్రకారుడు టాసిటస్ సుమారు 116లో, తిబెరి చక్రవర్తి కాలంలో రోమా అధిపతి పొంతి పిలాతు చేతిలో క్రీస్తుకు మరణశిక్ష పడిందని రాశాడు. ఆయనకు క్రైస్తవులంటే గిట్టదు, అందుకే ఆ మాటకు బరువు ఎక్కువ. పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో కైసరయలో బయటపడింది. యోసేఫస్ తాను రాసిన యూదుల ప్రాచీన చరిత్ర ఇరవయ్యవ భాగంలో "క్రీస్తు అనబడిన యేసు" సహోదరుడైన యాకోబును చంపించిన సంగతి రాశాడు. ఇక్కడ ఒక హెచ్చరిక. అదే చరిత్ర పద్దెనిమిదవ భాగంలో యేసును గురించి ఇంకా పెద్ద పేరా ఉంది. అందులో "ఆయనే క్రీస్తు" వంటి మాటలు తరువాతి క్రైస్తవ లేఖకులు చేర్చారని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. దాన్ని మొత్తంగా ఎత్తి చూపకండి. చదువుకున్న శ్రోత ఒక్కడు లేచి అడిగితే మీ మిగతా మాటలన్నీ కొట్టుకుపోతాయి.

అలాగే పన్నెండుమంది అపొస్తలులూ హతసాక్షులయ్యారు, అంటే విశ్వాసం కోసం చంపబడ్డారు, కాబట్టి ఇది నిజం అనకండి. వారిలో చాలామంది మరణాల గురించి మనకున్నవి ఆలస్యంగా పుట్టిన కథలే. గట్టిగా చెప్పగలిగినవి కొన్నే: అపొస్తలుల కార్యములు 12లో జెబెదయి కుమారుడు యాకోబు, యోసేఫస్ రాసిన ప్రభువు సహోదరుడు యాకోబు, పేతురు, పౌలు. ఆ కొన్నీ చాలు. అబద్ధాన్ని నిజమనుకుని చచ్చేవాళ్ళు లోకంలో ఉన్నారు. అబద్ధమని తనకే తెలిసిన దానికోసం ప్రాణం ఇచ్చేవాడు దొరకడం కష్టం.

మరి వేరే వివరణలు లేవా? ఉన్నాయి. శవాన్ని శిష్యులు దొంగిలించారన్నది అన్నిటికన్నా పాతది, మత్తయి 28లోనే ఉంది. ఆ ఆరోపణే సమాధి ఖాళీ అని ఒప్పుకుంటోంది చూడండి. యేసు స్పృహ తప్పి లేచాడంటే, సైనికుడి బల్లెపు పోటును పక్కన పెట్టాలి. పైగా నెత్తురోడుతూ పాక్కుంటూ వచ్చిన మనిషిని చూసి ఎవరైనా వైద్యుణ్ణి పిలుస్తారు గాని మరణాన్ని జయించిన ప్రభువని మొక్కరు. భ్రమ అన్నది వీటన్నిటికన్నా గట్టి వాదం. దుఃఖంలో ఉన్నవారికి పోయినవాళ్ళు కనబడటం నిజంగానే జరుగుతుంది. అది పేతురుకు సరిపోతుందేమో. సంఘాన్ని హింసించడానికి బయలుదేరిన పౌలుకు యేసు మీద ఏ దుఃఖం ఉంది? బతికుండగా అన్నను నమ్మని యాకోబు సంగతి? భ్రమ సమాధిని ఖాళీ చేయదు కూడా.

చరిత్ర మనల్ని ఇంతవరకే తీసుకొస్తుంది. లెక్కల సూత్రంలా నిరూపించదు. ఉన్న ఆధారాలన్నిటికీ ఏ వివరణ బాగా సరిపోతుందో చూపిస్తుంది, అంతే. బల్ల ఎంత గట్టిదో చూపించగలం. పడుకోవాల్సింది మాత్రం మీరే.

"బైబిలును మార్చేశారు" అన్న మాటకు వద్దాం. ఇప్పుడు యూదా 22 మళ్ళీ తెరవండి. నాలుగవ శతాబ్దపు పెద్ద ప్రతులు రెండు, సినాయి ప్రతి, వాటికన్ ప్రతి, ఇక్కడ "కనికరించండి" అంటాయి. ఐదవ శతాబ్దపు అలెగ్జాండ్రియా ప్రతి "తప్పు ఒప్పించండి" అంటుంది. గ్రీకులో మొదటిది "ఎలెఆతె", రెండోది "ఎలెంఖెతె". మొదటి అక్షరాలు ఒకటే. చేత్తో రాసుకునే లేఖకుడు ఒకదానికి ఒకటి రాయడం ఎంత సులువో మీకే అర్థమవుతుంది. ఇక్కడ జరిగింది ఇదే, దాన్ని ఎవరూ దాచలేదు. గ్రీకు కొత్త నిబంధన అచ్చు ప్రతుల్లో పేజీ అడుగున రెండూ వేస్తారు.

గ్రీకు చేతిరాత ప్రతులు 5,000కు పైగా ఉన్నాయి. వాటి మధ్య తేడాలు లక్షల్లో ఉన్నాయని వింటే భయం వేస్తుంది. ప్రతులు ఎక్కువైతే తేడాలూ ఎక్కువే. ఎక్కువ భాగం అక్షరదోషాలు, పదాల వరుస మారడం. కానీ అన్ని ప్రతులూ ఉండబట్టే ఎక్కడ తప్పు దొర్లిందో పట్టుకోగలుగుతున్నాం. ఒకే ఒక్క ప్రతి మిగిలి ఉంటే తేడా ఒక్కటీ ఉండదు, తప్పు పట్టుకునే దారీ ఉండదు.

పెద్ద తేడాలు రెండు, అవి మీకు తెలిసి ఉండాలి. మార్కు 16:9-20 సినాయి, వాటికన్ ప్రతుల్లో లేదు. వ్యభిచారమందు పట్టబడిన స్త్రీ వృత్తాంతం, యోహాను 7:53 నుంచి 8:11 వరకు, అతి పాత ప్రతుల్లో లేదు. ఈ సంగతి మన పిల్లలు సంఘంలో వినాలి. కళాశాలలో ఎవరో వెక్కిరింతగా చెబితే మొదటిసారి వినకూడదు. ఈ రెండూ తీసేసినా పునరుత్థానం గాని, పాపక్షమాపణ గాని పోదు. 1 కొరింథీయులకు 15 అలాగే ఉంటుంది.

పాత నిబంధనకు 1947లో మొదలై మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుహల్లో దొరికిన చేతిరాత గ్రంథపు చుట్టలు పెద్ద పరీక్ష పెట్టాయి. అప్పటిదాకా చేతిలో ఉన్న హెబ్రీ ప్రతులకన్నా సుమారు వెయ్యేళ్ళు పాతదైన యెషయా గ్రంథపు చుట్ట ఒకటి దొరికింది, 7 మీటర్లకు పైగా పొడవు, 66 అధ్యాయాలూ ఉన్నాయి. వర్ణక్రమంలో చిన్న తేడాలు చాలా ఉన్నాయి, కొన్నిచోట్ల మాటలూ మారాయి. మనం చదివే యెషయాయే అది.

నైకియలో కూడిన సంఘాధ్యక్షుల సభలో ఓట్లు వేసి యేసును దేవుణ్ణి చేశారన్నది ఇంకో ప్రచారం. ఆ సభ 325లో జరిగింది. ప్లీనీ అనే రోమా అధికారి సుమారు 112లోనే చక్రవర్తికి రాస్తూ, క్రైస్తవులు తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవుడిగా ఎంచి కీర్తన పాడతారని చెప్పాడు. అంటే ఆ సభకు రెండు వందల ఏళ్ళ ముందే. ఏ పుస్తకాలు బైబిల్లో ఉండాలన్నది కూడా ఆ సభ తేల్చలేదు. మనకున్న 27 కొత్త నిబంధన పుస్తకాల జాబితా అలెగ్జాండ్రియా సంఘాధ్యక్షుడు అథనాసియస్ 367లో రాసిన ఈస్టరు పండుగ ఉత్తరంలో కనబడుతుంది. త్రిత్వం గురించి, అంటే తండ్రి, కుమారుడు, ఆత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న నమ్మకం గురించి, ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను: పిల్లలకు నీరు, మంచు, ఆవిరి ఉపమానం చెప్పకండి. ఒకే నీరు మూడు వేషాలు వేసినట్టు అవుతుంది. యేసు బాప్తిస్మం వేళ కుమారుడు నీళ్ళలో, ఆత్మ పావురంలా దిగుతూ, తండ్రి స్వరం ఆకాశం నుంచి, ముగ్గురూ ఒకే సమయంలో ఉన్నారు. ఆ ఘట్టాన్నే చదివి వినిపించండి, ఉపమానం అక్కర్లేదు.

దేవుణ్ణి ఎవరు చేశారు? ఉన్న ప్రతిదానికీ కారణం ఉండాలన్నది క్రైస్తవుల వాదం కాదు. మొదలైన ప్రతిదానికీ కారణం ఉండాలన్నారు. మొదలు లేనివాడికి చేసినవాడు ఎవరని అడిగితే ప్రశ్నే అతకదు. విశ్వం వ్యాపిస్తోందని 1927లో సిద్ధాంతం చెప్పిన జార్జ్ లెమైత్ర్ ఒక కతోలిక గురువు. అయినా ఆయన తన సిద్ధాంతాన్ని ఆదికాండానికి రుజువుగా వాడొద్దనే కోరుకున్నాడు. అది తెలివైన పని. ఇవాళ్టి విజ్ఞానానికి విశ్వాసాన్ని కట్టేస్తే రేపు అది మారినప్పుడు రెండూ కదులుతాయి.

ఇక బాధ. ఇక్కడ గొంతు తగ్గించి మాట్లాడాలి.

బుద్ధితో అడిగేవారికి ఒక జవాబు ఉంది. మంచి దేవుడు, సర్వశక్తిగల దేవుడు, చెడుగు అనే మూడూ కలిసి ఉండటం తర్కరీత్యా అసాధ్యమని చూపించాలంటే, చెడుగును అనుమతించడానికి దేవునికి తగిన కారణం ఏదీ ఉండే వీలే లేదని రుజువు చేయాలి. అది చేయడం చాలా కష్టం. ప్రేమించే స్వేచ్ఛ ఉన్నచోట ద్వేషించే స్వేచ్ఛా ఉంటుంది. ఇది మనుషులు చేసే చెడుకు సరిపోతుంది. భూకంపానికి, పసిబిడ్డ జబ్బుకు పూర్తిగా సరిపోదు, ఆ మాట ఒప్పుకోవాలి.

గాయంతో అడిగేవారి దగ్గర ఈ వాదం తీయకండి. యోబు స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేలమీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక అధ్యాయాల తరబడి వాదించారు, చివరికి దేవుడు వాళ్ళ మీదే కోపపడ్డాడు. నీ పాపమే కారణం అన్నది వాళ్ళ వాదం. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు యేసు ఆ లెక్కను నేరుగా కొట్టివేశాడు. మిగతావాళ్ళకన్నా వాళ్ళు పాపులు కారన్నాడు. ఈ ఒక్క వాక్యం తెలిస్తే మన పరామర్శల్లో సగం మాటలు ఆగిపోతాయి.

తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర, తాను కాసేపట్లో అతణ్ణి లేపబోతున్నానని తెలిసీ, "యేసు కన్నీళ్లు విడిచెను." సిలువ మీద ఆయన అడిగింది కూడా ప్రశ్నే: "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి?" ఎందుకు అనే మాటను దేవుని కుమారుడే పలికాడు కాబట్టి, ఆ మాట పలకడం పాపమని ఎవరినీ బెదిరించకండి. 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది. చివరన వెలుగు లేదు. అయినా దాన్ని పాటల పుస్తకంలో ఉంచారు.

ప్రార్థనకు జవాబు రాలేదంటే నీకు విశ్వాసం చాలలేదని అనే బోధ చాలా హాని చేస్తోంది. పౌలు తన శరీరంలో ముల్లులా బాధిస్తున్నదాన్ని తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న మాట వచ్చింది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనేలో ఈ శ్రమల గిన్నె తొలగించమని అడిగిన యేసు విశ్వాసం ఏం తక్కువ?

జవాబు చెప్పేవారికి కొన్ని పనికొచ్చే మాటలు. ఫోన్లో వచ్చిన ప్రతిదీ ముందుకు పంపకండి. యెహోషువ కాలంలో సూర్యుడు ఆగినందువల్ల తప్పిపోయిన రోజును నాసా కంప్యూటర్లు కనిపెట్టాయన్నది కట్టుకథ. తరగతి గదిలో ఐన్‌స్టీన్ నాస్తిక గురువును ఓడించాడన్నదీ కట్టుకథే. సత్యం కోసం అబద్ధం పంపితే ఎవరిని సేవించినట్టు? ఒక కూర్చోవడంలో ఒక్క ప్రశ్నే తీసుకోండి. ఎదుటివారి ప్రశ్నను మీ మాటల్లో తిరిగి చెప్పి, ఇదేనా మీరు అడిగింది అని తేల్చుకోండి. తెలియనిది తెలియదనండి, వారంలో చూసి చెబుతాననండి, చెప్పిన రోజుకు వెళ్ళండి. సమాధానం "సాత్వికముతోను భయముతోను" చెప్పమని పేతురు అన్నాడు. గెలవమని అనలేదు.

సందేహంతో వచ్చినవారికి ఈ వారం పని ఇది. మార్కు సువార్త 16 అధ్యాయాలు ఒకే కూర్చోవడంలో చదవండి, గంటన్నర చాలు. పక్కన కాగితం పెట్టుకుని, ఒప్పుకోలేని చోటల్లా వచనం సంఖ్య వేసుకోండి. 16:8 దగ్గర ఆగండి. అక్కడ స్త్రీలు వణుకుతూ సమాధి దగ్గరనుంచి పారిపోతారు, భయంతో ఎవరితోనూ ఏమీ చెప్పరు. ఆ తరువాత 1 కొరింథీయులకు 15లో మొదటి 11 వచనాలు తెరిచి, ఆ రెంటి మధ్య ఏం జరిగి ఉంటుందో మీకు తోచింది రాయండి. వచ్చేటప్పుడు ఆ కాగితం తీసుకురండి.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుందాం. పేరు రాయకుండా చీటీల మీద ఇచ్చినవి ముందు చదువుతాను.